మాడ్‌హైమ్ మంచుపై వికిరణ పరిశోధన: గోస్టా లిల్యెక్విస్ట్

నార్వే, బ్రిటన్, స్వీడన్ ఉమ్మడిగా 1949-52లో నిర్వహించిన అంటార్కిటికా యాత్రలో స్వీడన్ వాతావరణ శాస్త్రవేత్త గోస్టా లిల్యెక్విస్ట్, క్వీన్ మాడ్ లాండ్ తీరంలో తేలియాడే మంచు ఫలకంపై నిర్మించిన మాడ్‌హైమ్ స్థావరంలో రెండు శీతకాలాలు గడిపి, మంచు ఉపరితలం స్వీకరించే, కోల్పోయే శక్తిని క్రమబద్ధంగా కొలిచారు. తాజా మంచు తనపై పడిన సూర్యకాంతిలో సుమారు 80 శాతాన్ని, కొన్నిసార్లు అంతకు మించి, తిప్పికొడుతుంది. ఈ పరావర్తన నిష్పత్తిని ఆల్బెడో అంటారు. సూర్యుడు వారాల తరబడి కనిపించని ధ్రువరాత్రిలో మంచు పరారుణ కిరణాల రూపంలో, అంటే దీర్ఘతరంగ వికిరణంగా, వేడిని నిరంతరం కోల్పోవడం వల్ల ఉపరితలాన్ని ఆనుకున్న గాలి పైపొరల కన్నా చల్లబడుతుంది. ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత పెరిగే ఈ స్థితే ఉష్ణోగ్రతా విలోమం. మేఘాలు కమ్మితే ఆ వికిరణంలో కొంత తిరిగి కిందికి చేరుతుంది, గాలి ఉద్ధృతమైతే పొరలు కలిసిపోతాయి కనుక, రెండు సందర్భాల్లోనూ విలోమం బలహీనపడుతుంది. ఇలాంటి చోట వికిరణమాపకం గాజు గుమ్మటంపై పేరుకునే మంచుపొడిని తరచూ తుడవకపోతే కొలతే తప్పుతుంది; పట్టికల్లో కనిపించని శ్రమ ఇది. లిల్యెక్విస్ట్ పరిశీలనల్లో మరో విశేషం కూడా ఉంది: 1951లో మాడ్‌హైమ్‌లోనే, సూర్యుడికి దాదాపు ఎదురు దిక్కున, సూర్యుడున్న ఎత్తులోనే, గాలిలోని మంచు స్ఫటికాల వల్ల ఏర్పడిన అరుదైన కాంతి మచ్చలను ఆయన నమోదు చేయగా, అవి లిల్యెక్విస్ట్ ప్రతిసూర్యులుగా ప్రసిద్ధమయ్యాయి.