ఇష్టమైన కప్పుకు మీరే కొలత పెట్టండి

పిండిపదార్థాలు తగ్గించి తినే నియమం చాలామందికి రాత్రి తొమ్మిదింటికి తప్పుతుంది. పగలంతా అన్నం జోలికి పోకుండా గుడ్లు, పనీరు, కూరలతో నెట్టుకొస్తారు. ఇల్లు సద్దుమణిగాక నోరు ఏదో తియ్యగా, వెచ్చగా కోరుతుంది. అక్కడ చేతులెత్తేస్తారు. తెల్లారాక ‘ఇది నా వల్ల కాదులే’ అని నియమాన్నే అటకెక్కిస్తారు.

మీ మనోబలాన్ని తిట్టుకోకండి. ‘ఇక జన్మలో చాక్లెట్ ముట్టను’ అనే ఒట్టు కన్నా ‘రాత్రికి ఒక కప్పు వేడి చాక్లెట్ పాలు, ఇంతే కొలత’ అనే నిర్ణయం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇష్టాన్ని వెలివేస్తే అది దొడ్డిదారిన వస్తుంది. కొలిచి చోటిస్తే చెప్పిన మాట వింటుంది.

పాల లెక్క తెలుసుకోండి

పాలలో సహజంగా ఉండే చక్కెర లాక్టోజ్. 100 మి.లీ. పాలలో అది దాదాపు 5 గ్రాములు. 200 మి.లీ. గ్లాసు తాగితే 10 గ్రాములు లోపలికి వెళ్లినట్టే. రోజుకు 130 గ్రాముల వరకు పిండిపదార్థం తీసుకునేవారికి ఇది పెద్ద లెక్క కాదు. 20 నుంచి 50 గ్రాములతో సరిపెట్టుకునే కీటో పద్ధతిలో మాత్రం బరువైన ఖర్చు. వెన్న తీసిన పాలైతే నయమని కొందరు అనుకుంటారు. వెన్న తీస్తే పోయేది కొవ్వే, లాక్టోజ్ అలాగే ఉంటుంది.

అలాగని పాడి మొత్తాన్నీ వదులుకోనక్కర్లేదు. నెయ్యిలో, వెన్నలో పిండిపదార్థం దాదాపు ఉండదు. పాలు విరిచి పనీరు చేసేటప్పుడు లాక్టోజ్ చాలావరకు ఆ విరుగుడు నీళ్లతోనే పోతుంది. పెరుగు తోడుకునేటప్పుడు కొంత లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ పులుపు దానిదే. పావు గ్లాసు పెరుగులో ముప్పావు గ్లాసు నీళ్లు పోసి చిలికిన మజ్జిగ హాయిగా తాగొచ్చు.

డబ్బా వెనక చదవండి

కోకో పొడి వేరు, డ్రింకింగ్ చాక్లెట్ వేరు. ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది మన దేశంలో నిబంధన. చాలా డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాల మీద మొదట కనిపించే పేరు చక్కెరే. చక్కెర కలపని కోకో పొడి ఒక పెద్ద చెంచా, అంటే 5 గ్రాములు వేసుకుంటే వచ్చే పిండిపదార్థం 3 గ్రాములు. అందులోనూ సగానికి పైగా పీచే.

కోకో మనకు పరాయిదీ కాదు. దేశంలో దీన్ని అందరికన్నా ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. రైతు కాయ కొట్టి, పులియబెట్టి, ఎండబెట్టిన గింజ చేదుగానే ఉంటుంది. డబ్బాలోని తీపి అంతా ఆ తర్వాత కలిపిందే.

ఇలా కలుపుకోండి

పాలు 50 మి.లీ., నీళ్లు 100 మి.లీ., ఫ్రెష్ క్రీమ్ రెండు పెద్ద చెంచాలు, కోకో ఒక పెద్ద చెంచా. కోకోను నేరుగా పాలలో వేస్తే ఉండలు కడుతుంది. ముందుగా కాసిని వేడినీళ్లతో మెత్తగా, నిగనిగలాడేలా రంగరించండి. పాలు, మిగతా నీళ్లు పోసి సన్నసెగ మీద కాచండి. చిటికెడు ఉప్పు వేస్తే చేదు తగ్గుతుంది. దించాక క్రీమ్ కలిపి, కాఫీలాగే రెండు గ్లాసులతో తిరగబోయండి. పైన నురుగు నిలుస్తుంది. తీపి కావాలంటే కొద్దిగా స్టీవియా వేసుకోండి.

ఈ కప్పులో పిండిపదార్థం సుమారు 7 గ్రాములు. అదే గ్లాసు నిండా పాలు పోసి రెండు పెద్ద చెంచాల డ్రింకింగ్ చాక్లెట్ కలిపితే 20 గ్రాములు దాటిపోతుంది.

హద్దులు మరవకండి

కొవ్వు గ్రాముకు 9 కేలరీలు. కాబట్టి క్రీమ్ చెంచాతోనే వేయండి, ప్యాకెట్ వంచి పోయకండి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారు పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మందుల మోతాదు మాట్లాడుకోండి. కోకోలో కాస్త కెఫీన్ ఉంటుంది, నిద్ర తొందరగా పట్టనివారు సాయంత్రమే తాగేయండి.

అలవాటుగా నిలపండి

వేళ ఒకటే ఉంచండి. కొలిచే చెంచా మార్చకండి. వారానికి కొంత చొప్పున తీపి తగ్గించండి, నాలుక సర్దుకుంటుంది. ఒక పూట తప్పితే రేపటికో సోమవారానికో వాయిదా వేయకుండా మరుసటి పూటే దారిలో పడండి.

ఈ చిన్న కొలత పాటించగలిగినవారికి తమ మాట మీద తమకే గురి కుదురుతుంది. అప్పుడు పెళ్లి విందులో ఏది వడ్డించుకోవాలో, ఎక్కడ చెయ్యి అడ్డం పెట్టాలో మరొకరు చెప్పాల్సిన పని ఉండదు. ఆ పట్టు మీకూ సాధ్యమే. ఈ రాత్రే మొదలుపెట్టండి.