యాసోను ఇచ్చిన జామీను

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 17:1–9, ఆదికాండము 43:8–10, సామెతలు 6:1–5.



థెస్సలొనీకలో పౌలును సీలను ఇంట చేర్చుకొనినవాడు యాసోను. అల్లరిమూక పౌలు కొరకు వెదకి, అతడు దొరకనందున యాసోనును మరికొందరు సహోదరులను అధికారుల యెదుటికి ఈడ్చుకొనిపోయెను. అధికారులు వారియొద్ద జామీను పుచ్చుకొని విడిచిపెట్టిరి. ఆ తొమ్మిదవ వచనమును మనము చదివి త్వరగా పదియవ వచనమునకు పోవుదుము, ఏలయనగా పౌలు ప్రయాణమే మనకు ముఖ్యము. అయితే గద్వాల కోర్టు ఆవరణములో నేడు వినబడు ‘జామీను’ అను మాటయే మన తెలుగు బైబిలులో అక్కడ ఉన్నది. ఈ నెల పాఠము దానిని గూర్చియే.

మొదట నా తప్పిదము ఒప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట నా సంఘపు యౌవనుడొకడు పొలము దారి తగవులో ఒక మనుష్యుని అడ్డగించెనని కేసులో పడి అరెస్టు ఆయెను. అది చిన్న కేసు. అతని తల్లి సాయంకాలము నా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, నేను డబ్బు అడుగవచ్చినదానను కాను, జామీనుకు ఇద్దరు మనుష్యులను చూపించండి, చాలు” అనెను. నేను సామెతలు 11:15 తీసి, ఎరుగనివానికొరకు పూటపడువాడు చెడిపోవునని ఆమెకు చెప్పి, ప్రార్థన చేసి పంపివేసితిని. ఆ పిల్లవాడు నాకు ఎరుగనివాడా? అతనికి బాప్తిస్మమిచ్చినది నేనే. అతడు సబ్ జైలులో పందొమ్మిది దినములు ఉండెను. ఆ దినములలో పత్తి విత్తన చేలలో క్రాసింగు పని జోరుగా సాగుచుండెను. తల్లి ఒక్కతే కూలికి పోయెను. తుదకు జైలు చూడవచ్చిన న్యాయసేవా వకీలు ఒక కాగితము వేయగా, ఏ జామీనుదారుడును లేకయే అతడు విడుదలయ్యెను. ఆ కాగితము ఎనిమిదవ దినముననే వేయవచ్చునని నాకు అప్పుడు తెలియలేదు. తెలిసికొనుటకు నేను ప్రయత్నింపలేదు కూడ.

ఇప్పుడు సంగతి తెలిసికొందము. నేరములు రెండు విధములు: బెయిలు హక్కుగా దొరకునవి, కోర్టువారి చిత్తమునుబట్టి దొరకునవి. దారి అడ్డగించుట, అజాగ్రత్తగా బండి తోలుట మొదలైనవి మొదటి తరగతివి. వీటిని బెయిలబుల్ నేరములందురు. వీటిలో పోలీసు స్టేషను అధికారియే పూచీకత్తు వ్రాయించుకొని విడువవచ్చును. దానినే జనులు స్టేషను బెయిలు అందురు. పట్టుకొనిన కారణమును, బెయిలు హక్కును అరెస్టయినవానికి చెప్పుట పోలీసువారి విధి. ప్రయాణ కాలము గాక ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలువబెట్టవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ సంగతులను చెప్పుచున్నది. అంతకు పూర్వపు చట్టములోను ఇవి ఉండెను.

పూచీకత్తు అనగా డబ్బు కట్టుట అని మనవారు అనుకొని భయపడుదురు. అది సరికాదు. వాయిదాలకు తప్పక వచ్చెదనని నిందితుడు వ్రాసియిచ్చును. వానిని రప్పించెదము, రానియెడల ఇంత మొత్తమునకు మేము బాధ్యులము అని జామీనుదారులు వ్రాసియిత్తురు. వాడు వాయిదాలకు వచ్చుచున్నంతకాలము జామీనుదారుని చేతినుండి ఒక్క పైసయు పోదు. అమెరికాలో అనేక రాష్ట్రములందు ఈ పూచీ ఒక వ్యాపారము. కంపెనీవారు మొత్తములో సుమారు పదియవ వంతు రుసుముగా పుచ్చుకొందురు, అది తిరిగి రాదు. మన చట్టములో అట్టి వ్యాపారమునకు తావు లేదు. చుట్టము, స్నేహితుడు, ఊరివాడు, వీరే జామీను. కోర్టు వాకిట డబ్బుకు నిలుచు పరాయివారిని నమ్మకుడి. దొంగ కాగితములతో నిలుచువారును ఉందురు, వారివలన కేసు మీద కేసు వచ్చును.

సాధారణముగా అడుగునవి ఆధారు, పట్టాదారు పాసుపుస్తకము లేక ఇంటిపన్ను రశీదు, ఉద్యోగియైతే జీతపు పత్రము. ఇంక ఎందరికి జామీనుగా ఉన్నారో కూడ జామీనుదారుడు చెప్పవలెను. అక్కడ అబద్ధమాడకూడదు.

ఇక సామెతల గ్రంథము మాట. జ్ఞాని చెప్పినది వట్టిది కాదు. 22వ అధ్యాయములో పడుకొను పరుపు కూడ పోవునని హెచ్చరించుచున్నాడు. అయితే ఆ మాట అప్పునకు, అందులోను ఆలోచింపక చేయి కలుపువానికి చెప్పబడినది. యూదాను చూడుడి. బెన్యామీనును గూర్చి, వీనిని నా చేత అడుగుమని తండ్రికి మాట ఇచ్చెను. తరువాత ఐగుప్తులో గిన్నె బెన్యామీను గోనెలోనే దొరకెను. వాడు దొంగిలించెనో లేదో యూదాకు తెలియదు. తెలిసిన తరువాత నిలుచుదునని అతడు అనలేదు. జామీను అనగా వీడు నిర్దోషి అని సాక్ష్యము చెప్పుట కాదు, తీర్పు దినమున వీడు ఇక్కడ ఉండునని చెప్పుటయే. “తప్పు చేసినవానికి సంఘపెద్ద సంతకము చేయునా?” అని నన్నడుగు సహోదరులు దీనిని ఆలోచింపవలెను. హెబ్రీయులకు 7:22లో ప్రభువునకే పూటకాపు అను పేరున్నది. ఆయన మనలను నిర్దోషులని చూచి నిలువలేదు గదా.

భయపడువారికి చట్టము కూడ కొన్ని ద్వారములు తెరచినది. నిందితుడు తప్పించుకొనునట్లు తోచినయెడల జామీనుదారుడు తన్ను విడిపింపుమని మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టవచ్చును. అప్పుడు నిందితుని రప్పించి వేరు జామీను అడుగుదురు. సామెతలు 6లో వేటగాని చేతినుండి జింకవలె తప్పించుకొమ్మని చెప్పిన దారి ఇదియే అని నాకు తోచుచున్నది. పూచీకత్తు జప్తు కాకముందు జామీనుదారుడు చనిపోయినయెడల ఆ భారము అతని ఆస్తిమీద పడదు. జప్తయినను, కారణము చూపినచో కోర్టు కొంత మొత్తము మాన్పవచ్చును.

జామీను దొరకని బీదవాని సంగతి మరి ముఖ్యము. బెయిలబుల్ నేరములో అరెస్టయిన దినము మొదలుకొని వారములోపల జామీను చూపలేకపోయినయెడల, వానిని బీదవానిగా ఎంచి సొంత పూచీకత్తు మీదనే విడువవలెను. 2005లో చట్టమును సవరించి ఈ మాట చేర్చిరి. నా సంఘపు పిల్లవానికి తెరవబడిన ద్వారము ఇదియే. వకీలుకు డబ్బు లేదనవద్దు. జైలులోనున్నవానికి, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయము చూడకయే ఉచిత వకీలును ఇచ్చు చట్టము 1987లోనే చేయబడినది. గద్వాలలో జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగుడి, లేదా 15100 నంబరుకు ఫోను చేయుడి.

మన పాలమూరు వలసకూలీలకు మరియొక చిక్కు కలదు. గుంపు మేస్త్రీ వెంట పూనా, బొంబాయి పోయినవాడు అక్కడ కేసులో పడినచో, ఆ ఊరిలో ఆస్తిగల జామీను ఎక్కడనుండి తెచ్చును? 1978లో మోతీరాం అను తాపీపనివాని కేసు సుప్రీంకోర్టుకు వచ్చెను. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు అతనిని 10,000 రూపాయల జామీను అడిగి, అతని అన్నదమ్ముని ఆస్తి వేరు జిల్లాలో ఉన్నదని ఆ జామీనును త్రోసివేసెను. జస్టిస్ కృష్ణయ్యరు దానిని తప్పుపట్టి, దూరప్రాంతములో పట్టుబడిన దక్షిణాదివాడు అక్కడ ఆస్తిగల జామీనును ఎట్లు తేగలడని ప్రశ్నించి, 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద విడువుమని తీర్పిచ్చెను. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మరల, స్థానిక జామీను కావలెనను పట్టుదల వద్దనియు, బెయిలు వచ్చి ఏడు దినములలో విడుదల కానివాని సంగతి జైలు అధికారి న్యాయసేవా సంస్థకు తెలుపవలెననియు ఆజ్ఞాపించెను. దూరమున మీ బిడ్డ చిక్కుకొనినప్పుడు ఈ తీర్పును అక్కడి వకీలుకు జ్ఞాపకము చేయుడి.

కడచిన సంవత్సరము మా సంఘములో మరియొక ఇంటివారికి ఇట్టి కష్టము వచ్చినది. నాకు భూమి లేదు గనుక పాసుపుస్తకమున్న ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని స్టేషనుకు పోయితిని. రాత్రి కాకమునుపే పిల్లవాడు ఇంటికి వచ్చెను. ప్రతి వాయిదా తేదీని ఆ పెద్దలలో ఒకడు తన బైబిలు అట్టలోపల వ్రాసికొనెను. ఒకసారి ఆ పిల్లవాడు మరచి పొలమునకు పోవుచుండగా, తెల్లవారుజాముననే వాని తలుపు తట్టి, చొక్కా తొడిగించి, గద్వాల బస్సు ఎక్కించి, తాను కూడ వాని ప్రక్కన కూర్చుండెను.