నిద్రలో కాలు చెయ్యి కదలకపోతే భయపడాలా?

"సిస్టరమ్మా, నడిరాత్రి మెలకువ వచ్చింది. అన్నీ కనబడుతున్నయి గానీ కాలు చెయ్యి కదలలేదు, నోరు పెగలలేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. గాలి సోకిందేమో!" అని కొందరు మాతో చెబుతుంటారు. ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు. అసలు సంగతి ఏమిటో తెలుసుకుందాం.

మెలకువగా ఉన్నప్పుడు

మనం నీళ్ల చెంబు అందుకోవాలనుకోగానే పెద్దమెదడు నుండి ఆజ్ఞ బయలుదేరుతుంది. అది మెదడు కింది భాగంలో ఎదుటి వైపుకు దాటి, వెన్నుపాము గుండా నరాలకు, అక్కడినుండి కండరాలకు చేరుతుంది. అందుకే మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలు చెయ్యి పడిపోతాయి. చెంబు ఒలకకుండా, అడుగు తడబడకుండా చూసేది చిన్నమెదడు.

ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా కదలిక చెడుతుంది. మన నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దీఖీ 1955లోనే బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక గట్టిపడి, కొందరిలో వెన్నుపామును నొక్కుతుంది. మెదడు బాగానే ఉన్నా ఆజ్ఞ కాళ్లకు సరిగా అందదు. ఇది రాత్రి వచ్చి పోయేది కాదు. కాళ్లు బిగుసుకుపోతుంటే డాక్టరుకు చూపించండి. బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా తాగకండి.

నిద్రపోతున్నప్పుడు

నిద్రలో సుమారు 90 నిమిషాలకొకసారి కలల నిద్ర వస్తుంది. అప్పుడు మెదడు బాగా పనిచేస్తూనే ఉంటుంది. కలలో పరిగెత్తితే నిజంగా లేచి పరిగెత్తకుండా, మెదడు కాండం కండరాలకు బ్రేకు వేస్తుంది. కళ్లు, ఊపిరి మాత్రం ఆగవు. ఒక్కొక్కసారి బ్రేకు వదలకముందే మెలకువ వస్తుంది. పైన చెప్పిన భయం అదే. కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుంది. నిద్ర చాలకపోయినా, వేళ తప్పినా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువగా వస్తుంది. వేళకు నిద్రపోండి, పక్కకు తిరిగి పడుకోండి. మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

బ్రేకు సరిగా పడకపోతే

కొందరు పెద్దవాళ్లు కలలో అరుస్తారు, తంతారు, మంచం మీది నుండి పడతారు. అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు 1986లో దీనిని ఒక జబ్బుగా గుర్తించారు. ఇలాంటివారిలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు రావచ్చు. "వయసు మీదపడింది" అని ఊరుకోకుండా నరాల డాక్టరుకు చూపించండి. మంచం దగ్గర గాజు వస్తువులు, కత్తిపీటలు ఉంచకండి.

పొరపాటు పడకండి

పొద్దున లేవగానే ఒకవైపు కాలు చెయ్యి పడిపోయినా, మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా అది నిద్ర బ్రేకు కాదు, పక్షవాతం. తగ్గుతుందేమోనని చూడకండి. పసరు మందులకు, తాయెత్తులకు తిరగకండి. నోట్లో నీళ్లు, మాత్రలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నిద్రలో వచ్చిన పక్షవాతానికి కూడా స్కానింగ్ చూసి కొందరికి ఇవ్వగలరు. అందుకే రోగి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట కాలు చెయ్యిని కాపాడవచ్చు.