వేరే రైతు వీడియో మన పేజీలో పెట్టుకోవచ్చా?

పైన ఉన్న జీవామృతం వీడియో మాది కాదు, వేరే రైతు తీసింది. దాన్ని డౌన్‌లోడ్ చేసి మా ఛానెల్‌లో ఎక్కించలేదు, యూట్యూబ్ ఇచ్చిన ఎంబెడ్ పద్ధతిలో పెట్టినం. సొంత ఛానెల్ మొదలుపెట్టే జుక్కల్, మద్నూర్, బిచ్కుంద రైతులు ఈ తేడా తెలుసుకోవాలె.

ఎంబెడ్ చేస్తే వీడియో అసలు ఛానెల్ నుంచే నడుస్తది. వ్యూస్ ఆ రైతుకే పడ్తయి. ఆయన తీసేస్తే మన దగ్గర కూడా పోతది. ఇష్టం లేకుంటే సెట్టింగ్స్‌లో ఎంబెడింగే ఆపేసుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఎక్కిస్తే ఈ పగ్గం ఆయన చేతిలకెల్లి పోయినట్టే. ఇంకో నష్టం కూడా ఉంది. కషాయం మోతాదు తప్పు చెప్పిన అని తెలిసి ఆయన వీడియో తీసేసినా, మన కాపీలో ఆ తప్పు మోతాదు అట్లనే తిరుగుతది. దాన్ని చూసి పిచికారి చేసినోని పంట సంగతేంది?

మరి జీవామృతం గురించే చెప్పొద్దా? చెప్పొచ్చు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఈ పద్ధతి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. మీరే కలిపి మీ ఫోన్‌తో తీయండి. 1957 కాపీరైట్ చట్టం కాపాడేది ఆలోచనను కాదు, తీసిన వీడియోను. విత్తనం సంగతి గుర్తు చేసుకోండి: 2001 చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండ్ పేరుతో మాత్రం అమ్మరాదు.

అసలు చిక్కు ఎంబెడ్ చేసినంక వస్తది. వేరే రైతు సోయా చేను వీడియో కింద మనం అమ్మే డబ్బా ఫొటో, ఆర్డర్ నంబర్ పెట్టినమనుకోండి. చూసినోళ్లు ఆ చేను మన మందుతోనే పండిందనుకుంటరు. ఆయన ఒక్క అబద్ధం చెప్పలే, మనమూ నోరు తెరిచి చెప్పలే, అయినా మోసం జరిగింది. నేనూ సరుకు అమ్ముకునేటోణ్నే. అందుకే ఇతరుల వీడియో ఉన్న పేజీలో మా ధరలు పెట్టం. రైతు పేరు, ఊరు వీడియో పైననే రాస్తం.

మనది మరాఠీ, కన్నడ సరిహద్దు. అక్కడి వీడియోకు తెలుగు మాట జోడించాలనిపిస్తది, మంచిదే. కానీ అది ఎంబెడ్ కిందికి రాదు, ఆ రైతును అడిగి ఒప్పించుకోవాలె. మా వీడియోలు మాత్రం ఎవరైనా ఎంబెడ్ చేసుకోండి. ముక్కలు కోసి వాడాలంటే ముందు ఒక కామెంట్ పెట్టండి.