మిల్లు యంత్రము – బందరు అచ్చు

కృష్ణా డెల్టాలో గుడివాడ వరిపంటకు పేరొందిన సీమ. అచట పూర్వము రోట దంచిన ధాన్యమును తరువాత హల్లరు యంత్రము ఆడించెను. పిమ్మట రబ్బరు రోలర్ల యంత్రము వచ్చి నూకను తగ్గించెను. మిల్లు యజమాని అట్టి యంత్రమును వెల పెట్టి కొనును. లాభమెంతయో కాటాపై తేలిపోవును. యంత్రమేదైనను వచ్చునది బియ్యమే.

సముద్రతీరమున నున్న మచిలీపట్టణమునను, దాని చేరువనున్న పెడనలోను కలంకారీ అద్దకపువారి తీరు వేరు. వారి పనిముట్లు చాలవఱకు తాతలనాటివే. టేకు కొయ్యపై చెక్కిన అచ్చులు, కరక్కాయ, పటిక, పాఱునీరు – ఇవియే వారి సంపద. గుడ్డను కరక్కాయపొడి, పాలు కలిపిన నీట నానబెట్టి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి, ఆ ద్రావకము నద్దినచోట నలుపు తేలును. పటిక నద్దినచోట ఎఱుపు నిలుచును. చిత్రమేమనగా, పటికకు తనకై రంగు లేదు. గుడ్డను రంగునీట కాచిన పిమ్మటగాని దాని పని కంటికి కానరాదు.

మఱి వీరు క్రొత్తగా చేయునదేమి? పూవును, తీగను, వాని కూర్పును మార్చుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు కావలెను. కొయ్యకును, చెక్కువాని కూలికిని ముందే వ్యయమగును. ఆ పూవు జనులకు నచ్చునో లేదో గుడ్డ అంగడికి చేరువఱకు ఎవ్వరు నెఱుగరు. దానిని తూచు కాటా లేదు.

కొనువాని అభిరుచి తెలిసికొనుటయే ఈ వృత్తికి ప్రాణము. గోలకొండ సుల్తానుల కాలమున పారశీకులు మెచ్చు తోరణములు, లతలు గుడ్డలపై వెలసెను. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను బందరు చేరిరి. 1643లో లండనునందలి కంపెనీ పెద్దలు సూరతునకు వ్రాయుచు, ఎఱ్ఱని నేల తమవారికి నచ్చదనియు, తెల్లని నేలపై రంగుపూలు కావలెననియు కోరిరి. అట్టి గుడ్డలకై ఐరోపా వెఱ్ఱెత్తిపోయెను. తమ నేతగాండ్రు చెడుదురని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వానిని నిషేధించెను.

అయినను ఈ క్రొత్తదనమున కొక బలహీనత కలదు. యంత్రమును చూచినవాడు దానిని చేయలేడు. పూవును చూచినవాడు గీయగలడు. ఐరోపా అద్దకపువారు మన పూలను అనుకరించిరి. 1783లో థామస్ బెల్ అను స్కాట్లండువాడు చెక్కిన రోలర్లతో గుడ్డ నద్దు యంత్రమునకు పేటెంటు పొందెను. మిల్లు పద్ధతి పూవును పట్టుకొన్నదన్నమాట! పందొమ్మిదవ శతాబ్దమున ఆ చౌక గుడ్డయే మన అంగళ్లకు వచ్చి, మన అద్దకమును దెబ్బతీసెను.

నేడు స్క్రీన్ ప్రింటింగు గుడ్డయు కలంకారీ యను పేరనే అమ్ముడగుచున్నది. మచిలీపట్టణపు కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించినమాట నిజమే. కాని అది పేరునకు రక్ష, పూవునకు కాదు. ఒక పూవును పరులు కాజేసిన పిదప అద్దకపువాడు సాధారణముగా కోర్టుకు పోజాలడు. అచ్చు చెక్కువాని యొద్దకే పోయి, తీగ నొకవైపు వంపించి, మొగ్గ నొకటి చేర్పించి, మఱల వ్యయమునకు సిద్ధపడును.