మాట ఎవరి దగ్గర ఆగింది?

ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది తోట్లవల్లూరు. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. 14 ప్రాజెక్టుల్లో నడిచే చర్చలన్నిటికీ ప్రతి సోమవారం డిస్కషన్ రిపోర్టు తీసి మేనేజర్లకు పంపడం నా పని. 200 పైచిలుకు వరుసలు వస్తాయి. ఎవరూ తెరిచి చూడరు. తీరా మీటింగులో "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదే" అంటారు. నేను చేస్తున్న పనికి అర్థముందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. కాకపోతే మీరు జరిగిన మాటలన్నీ పంపుతున్నారు. మేనేజరుకు కావలసింది జవాబు రాని మాటలు. చాలా సాఫ్ట్‌వేర్లలో ప్రతి చర్చకీ మొదలుపెట్టిన మనిషి, ట్యాగ్ అయిన మనిషి, చివరి జవాబు తేదీ నమోదై ఉంటాయి. ట్యాగ్ అయిన మనిషి ఇంకా పలకని చర్చల్ని మాత్రం ఫిల్టర్ చేయండి. ఎన్ని రోజులుగా ఆగి ఉన్నాయో చూసి, పాతవి పైకి వచ్చేలా పేర్చండి. 200 వరుసలు చాలావరకు తగ్గిపోతాయి.

తర్వాతి సంగతి మీ ఊరివాళ్ళకి నేను చెప్పేదేముంది! ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. ఆ మాట చెవిన పడితే చాలు, లంకల్లో ఎవరేం చేయాలో ఒకరు చెప్పక్కర్లేదు. పశువుల్ని కరకట్ట మీదికి తోలతారు, మోటార్లు విప్పి పైకి మోసుకొస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి లంక పొలాలు మునిగిన రోజులు మీకింకా కళ్ళ ముందే ఉంటాయి. గంట గంటకీ వచ్చే అంకెలన్నీ చదువుతూ ఎవరూ కూర్చోరు. హెచ్చరిక వచ్చిందా లేదా అన్నదే చూస్తారు.

మీ రిపోర్టులోనూ అలాంటి గీతలు రెండు గీయండి. 3 పనిదినాలు జవాబు రాకపోతే మొదటి హెచ్చరిక, అది ఆ మనిషికే వెళ్తుంది. 7 రోజులైతే రెండోది, అది ఆయన పైఅధికారికి వెళ్తుంది. ఈ గీతల్ని మీరొక్కరే నిర్ణయించకండి. ఒక మీటింగులో పెట్టి, అందరి చేతా ఒప్పించి మొదలుపెట్టండి. ముందే ఒప్పుకున్న లెక్క కాబట్టి రేపు మీ మీద ఎవరూ కోపం తెచ్చుకోరు.

రిపోర్టును అటాచ్‌మెంట్‌గా పంపకండి. మెయిల్ తెరవగానే కనబడేలా పది వరుసలు రాయండి. ఒక్కో వరుసా ఇలా ఉండాలి: "పేమెంట్ టెస్టు ఖాతా ఎవరిస్తారు? అడిగింది 12న. చెప్పాల్సింది సెక్యూరిటీ టీం. 9 రోజులైంది. దీనివల్ల రెండు రిలీజులు ఆగాయి." ఆ చివరి మాట లేకపోతే మిగతాదంతా ఉన్నా ఎవరికీ పట్టదు.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. ప్రాజెక్టులవారీగానే కాక, మనుషులవారీగా కూడా ఒకసారి పేర్చి చూడండి. శివారు పొలానికి నీరందకపోతే ఆ చేలో నిలబడి ఎంతసేపు చూసినా కారణం తెలియదు. కాలవ గట్టెక్కి పైకి నడుస్తూ పోతే గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో కనబడుతుంది. ఏ ప్రాజెక్టుకా ప్రాజెక్టు చూసినప్పుడు చిన్న ఆలస్యంలా ఉన్నది, అన్నీ కలిపి చూస్తే ఆరు ప్రాజెక్టుల ప్రశ్నలూ ఒకే మనిషి దగ్గర ఆగాయని తేలవచ్చు. దాన్ని ఆయన బద్ధకం అనుకోవద్దు. ఆయన నెత్తిన ఆరుగురి పని పెట్టారేమో చూడమని పైవాళ్ళకి చెప్పండి. 14 ప్రాజెక్టుల చర్చల్నీ ఒకచోట చూసే మీరు కాక ఈ మాట ఇంకెవరు చెప్పగలరు?

ప్రశ్న: మా మేనేజరు డిస్కషన్ రిపోర్టు ముందు పెట్టుకుని ఎవరు ఎన్ని కామెంట్లు రాశారు, ఎన్ని చర్చలు మూశారు అని లెక్కకట్టి ఏడాది చివర మార్కులు వేస్తున్నారు. ఇది న్యాయమేనా? – గుడివాడ నుంచి ఒక ఉద్యోగి

జవాబు: కాదు. నలుగురూ కలిసి వెళ్ళి ఆయనకు చెప్పండి. నేను పనిచేసిన ఒక సంస్థలో చర్చలు ఎక్కువ మూసినవారికి బహుమతి పెట్టారు. "తర్వాత చూద్దాం" అని రాసి మూసేవాళ్ళం. నేనూ మూశాను. అలా మూసినవాటిలో ఒకటి సర్వరు లైసెన్సు గడువు గురించి. అది ఒక శనివారం రాత్రి ముగిసింది. ఇద్దరు కుర్రాళ్ళు ఆదివారమంతా తిండీ నిద్రా లేకుండా ఆఫీసులోనే ఉండిపోయారు. ఆ చర్చలో మొదటి ప్రశ్న వేసింది వాళ్ళిద్దరిలో ఒకడే. వాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

ఏం తేలిందో ఒక వాక్యం రాయకుండా ఏ చర్చనూ మూయకూడదు. అడిగినవాళ్ళు సరేనన్నాకే మూయాలి. మీ మేనేజరును ఈ రెండూ నియమాలుగా పెట్టమనండి.

ప్రశ్న: మేం పాతికమంది రైతులం. పసుపు ఉడకబెట్టే యంత్రం, గోదాము షెడ్డు, పంట కాలవ పూడిక, ఈ మూడు పనులు అనుకున్నాం. మాటలన్నీ వాట్సాప్‌లోనే. ఎవరేం ఒప్పుకున్నారో వారం తిరిగేసరికి దొరకదు. మా అబ్బాయి ఏదో సాఫ్ట్‌వేర్ కొనమంటున్నాడు. కొనాలా? – తోట్లవల్లూరు మండలం నుంచి

జవాబు: వద్దండీ. పాతికమందికి ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. మీవాడికి సరదా ఉంటే గూగుల్ షీట్‌లో పెట్టమనండి. గళ్ళు ఐదు: అంశం, అడిగిందెవరు, తేల్చాల్సిందెవరు, ఏ తేదీలోగా, ఏం తేలింది. పంచాయతీ తీర్మానాల పుస్తకం మీరు చూసే ఉంటారు. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, సంతకాలు, అన్నీ పద్ధతిగా ఉంటాయి. పని ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అన్నవి కూడా మీ పుస్తకంలో ఉండాలి.

పూడిక సంగతి మీలో మీరు ఎంత మాట్లాడుకున్నా తేలదు. 1997 చట్టంతో ఏర్పడ్డ నీటి సంఘాలున్నాయి కదా, "తేల్చాల్సిందెవరు" గడిలో మీ నీటి సంఘం అధ్యక్షుల పేరు రాసి, ఆ పేజీ తీసుకెళ్ళి వారికి చూపించండి. యంత్రానికి మాత్రం తేదీని పంట నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సంక్రాంతి దాటితే తవ్వకాలు ఊపందుకుంటాయి, ఉడకబెట్టి ఆరబెట్టి దుగ్గిరాల యార్డుకు తోలాలి. కాబట్టి కొనడమా, అద్దెకు తేవడమా అన్నది దీపావళికల్లా తేలిపోవాలి.

ప్రతి ఆదివారం సాయంత్రం మీలో పెద్దాయన ఒకరి చేత ఆ పుస్తకం బిగ్గరగా చదివించండి. చివరి గడి ఖాళీగా ఉన్నచోట ఆగి, అక్కడ రాసున్న మనిషిని పేరుపెట్టి పిలిచి అడగమనండి.