జలుబు రాకముందే జామకాయ

చలి మొదలైందంటే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ముక్కు కారడం మామూలే. సి విటమిన్ తింటే జలుబు అసలు రాదని మాత్రం అనుకోకండి, వచ్చేది వస్తుంది. కానీ రోజూ 200 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకునేవాళ్లకు అది కాస్త తొందరగా వదులుతుందని, పిల్లలకైతే వారం ఉండే జలుబు సుమారు ఒక రోజు ముందే తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆ 200 మన వంటింట్లోనే రాబట్టుకోవచ్చు.

1. బండి మీద జామకాయలు కనిపిస్తే కమలాలు పక్కన పెట్టి అవే కొనండి. 100 గ్రాముల జామకాయలో సి విటమిన్ 200 మిల్లీగ్రాముల పైమాటే, కమలాపండుకు దాదాపు నాలుగు రెట్లు. తొక్క తీయకుండా తినండి.

2. పిల్లల డబ్బాలోకి పొద్దున్నే ముక్కలు కోసి పెట్టకండి, చిన్న కాయ కడిగి అలాగే పెట్టేయండి. కోసిన ముక్కలకు గాలి తగిలి సి విటమిన్ తగ్గిపోతుంది, మీకూ ఒక పని తప్పుతుంది.

3. పప్పులోకైనా చారులోకైనా నిమ్మకాయ పిండేది పొయ్యి కట్టేశాకే. గిన్నె దించి, పొంగు అణిగి, ఆవిరి కాస్త పలచబడ్డాక పిండి మూత పెట్టండి. సి విటమిన్ వేడికి పోదు, చేదూ రాదు.

4. నిమ్మకాయలు తడి లేకుండా తుడిచి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు వారాలు ఎండిపోకుండా ఉంటాయి, ధర తగ్గినప్పుడే ఎక్కువ కొనుక్కోవచ్చు.

5. కార్తీకమాసంలో ఉసిరికాయలు చవకగా దొరుకుతాయి, కిలో తెచ్చేయండి. తురిమి, ఉప్పు, పసుపు కలిపి చిన్న చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రిజ్‌లో పెట్టారంటే చలికాలమంతా వస్తుంది. వారానికి ఒక డబ్బా బయటికి తీసి, రోజూ చెంచాడు మజ్జిగలోనో పెరుగన్నంలోనో కలపండి. మా ఇంట్లో ఉసిరి పేరెత్తితేనే మొహం చిట్లించే పిల్లలు కూడా ఇలా తినేస్తున్నారు.

6. ఆకుకూర ముందు కడిగి, ఆ తర్వాతే తరగండి. సి విటమిన్ నీళ్లలో కరిగిపోతుంది, తరిగి నానబెడితే అంతా సింక్ పాలే.

7. ములగాకు పప్పుతోపాటు కుక్కర్‌లో వేయకుండా, పప్పు ఉడికాక వేసి ఐదారు నిమిషాలు మూతపెట్టి మగ్గించండి. సి విటమిన్ తక్కువ పోతుంది.

8. గుప్పెడు పెసలు రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో మూట కట్టండి. ఎండు పెసల్లో దాదాపు లేని సి విటమిన్ మొలకల్లో పుడుతుంది. పైన నిమ్మరసం పిండితే ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది.

9. ముక్కు కారడం మొదలయ్యాక సి విటమిన్ బిళ్లలు కొని చప్పరిస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఆ డబ్బు పండ్లకు పెట్టండి. రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగందే బిళ్లల జోలికి వెళ్లకండి.

10. జలుబు వైరస్‌తో వచ్చేది కాబట్టి యాంటీబయాటిక్ దానిమీద పనిచేయదు, ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకండి. ఇంటికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించండి, ఒకరి జలుబు ఇంకొకరికి అంటడం తగ్గుతుంది.

11. దగ్గుకు తేనె మంచిదే, కానీ ఏడాది నిండని పసివాళ్లకు నాకించకండి. ఎవరికైనా ఊపిరి ఆడకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా చిట్కాలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.